గీత పడని తాళం

"గీత లేదు," అన్నాడు మాస్టరు, భూతద్దం కంటికి దూరం చేయకుండానే.

వంటింటి అలమర తలుపు బార్లా తెరిచి ఉంది. పై అరలో కేకు ఉండాల్సిన చోట ఖాళీ అట్టపెట్టె మిగిలింది. రేపు చెల్లెలు పిల్లలతో వస్తోందని నిన్న సాయంత్రం మాస్టరు స్వయంగా తెచ్చి, స్వయంగా తాళం వేసిన కేకు అది. పక్కనున్న బిస్కెట్ల డబ్బా సగానికి దిగింది.

"ఇంట్లో దూరిన దొంగ బీరువా వదిలేసి కేకు తిని పోతాడా? ఈ వింత నేనెక్కడా వినలేదమ్మా," అంది అత్తగారు.

పొద్దున్నుంచి ఆవిడ ఇదే మాట తిప్పి తిప్పి అంటోంది. అన్న ప్రతిసారీ చూపు మాత్రం కోడలి మీదే నిలుపుతోంది.

కోడలు పొయ్యి పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెను ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. కాపురానికొచ్చిన కొత్తలో ఆడపడుచు ముద్దుగా పెట్టిన పేరు. అప్పట్లో మనిషి పిచ్చుకంతే ఉండేది. ఇప్పుడు ఇరుకు గుమ్మాల్లో పక్కకు తిరిగి నడుస్తుంది. పేరు మార్చాలని మాత్రం ఎవరికీ తోచలేదు, అది ఆమెకు గుచ్చుకుంటుందనీ తోచలేదు.

"గీత లేకపోతే ఏమిటండీ?" అంది పిచ్చుక. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

"ఏమిటో నీకు తెలీదా?"

మాస్టరు తాళాన్ని అరచేతిలో తిప్పాడు. ఆయన బళ్లో పాఠాలు చెప్పే మాస్టరు కాడు. బజారు మలుపులో తాళాల షాపు ఆయనది. సొంత ఇంటి ముందు సొంత తాళానికి లొంగి నిలబడ్డవాళ్లంతా "మాస్టారూ, మాస్టారూ" అని బతిమాలగా బతిమాలగా ఆ పేరు ఖాయమైపోయింది.

"ఊచ పెట్టి తీస్తే లోపల సన్నటి గీత పడుతుంది. ఎంత చేయి తిరిగినవాడు తీసినా పడుతుంది. నేను తీసినా పడుతుంది. ఇందులో లేదు. తాళంచెవి పెట్టి సుబ్బరంగా తిప్పి తీశారు."

"చెవులు రెండే కదరా," అంది అత్తగారు. "ఒకటి నీ జేబులో. ఒకటి ఇదిగో."

మెడలో దారానికి వేలాడుతున్న తాళంచెవిని పైకి లాగి చూపించింది. "స్నానం చేసేటప్పుడు కూడా తీయను."

"అదే నేనూ అంటున్నా. మూడోది ఎక్కడిది?"

ఆ ఇంట్లో తాళంచెవి కోయడం వచ్చినవాళ్లు ఇద్దరే. ఒకరు మాస్టరు. రెండోవారు ఆయన పక్కనే బల్ల వేసుకుని, మెషిన్ ముందు కూర్చుని, ఆయనకంటే నున్నగా చెవి పళ్లు కోసే పిచ్చుక.

"నేను కాదండీ," అంది.

"నేను నీ పేరెత్తానా?"

"ఎత్తక్కర్లేదు. చూస్తున్నారుగా."

"చూస్తే తప్పా?" అని అత్తగారు మధ్యలోకి వచ్చింది. "తప్పంతా చూసినవాళ్లదేనా? వారం తిరగ్గానే మళ్లీ మొదటికొస్తావని నేను ముందే అన్నాను. దీనికి తాళాలు కాదురా, సంకెళ్లు కావాలి. పసిపిల్లల కోసం తెచ్చిన కేకు! గొంతులోకి ఎలా దిగిందో మరి."

"అత్తయ్యా, నేను ముట్టుకోలేదు."

"ముట్టుకోలేదట! కేకుకి కాళ్లొచ్చాయి కాబోలు."

పిచ్చుకకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నిజంగా తిన్న రోజుల్లో ఈ ఇంట్లో ఎవరూ పట్టుకోలేదు. బీరువా వెనక, స్నానాలగదిలో, దుప్పటి కింద, రుచి కూడా తెలియకుండా, ఆగాలనుకుంటూ ఆగలేక, కడుపు నొప్పెట్టేదాకా తిన్న రోజులవి. ఇప్పుడు తినకుండా నిలబడితే మాత్రం పట్టుకుని నిలువునా కడిగేస్తున్నారు.

అలమరకు తాళం పెట్టింది కూడా ఆమె చెప్పిన నిజం వల్లనే. డాక్టరమ్మ దగ్గరికి ఒంటరిగా వెళ్లొచ్చిన సాయంత్రం, ధైర్యం చేసి మొగుడికి అంతా చెప్పుకుంది. ఆయన అంతా విన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత లేచి, పనిముట్ల పెట్టె తీసి, అలమరకు గొళ్లెం బిగించి, షాపులో ఉన్నవాటిలో మంచి తాళం ఏరి వేశాడు. ఆయనకు తెలిసిన సాయం అదొక్కటే. ప్రేమకొద్దీ చేశాడు. అందుకే ఆమె వద్దనలేకపోయింది.

డాక్టరమ్మ మాత్రం ఇంకోలా చెప్పింది. "వేళకి కూర్చుని తినండి. బిగబట్టుకుని పస్తున్న రోజే జారిపోతారు. తిండికి తాళాలేసుకోకండి," అంది. "మా ఆయన బతికేదే తాళాల మీదండీ," అని పిచ్చుక నవ్వింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు తనదేనా అనిపిస్తోంది.

"పద, షాపుకి టైమవుతోంది," అన్నాడు మాస్టరు. చేతిలోని తాళాన్ని జేబులో వేసుకున్నాడు. "అక్కడ మాట్లాడుకుందాం."

* * *

షాపంటే మూడు వైపులా గోడలు, నాలుగో వైపు వీధి. గోడల నిండా పళ్లు కోయని ఖాళీ తాళంచెవులు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. పిచ్చుకకు ప్రపంచంలో ఊపిరాడే చోటు అదొక్కటే. మెషిన్ తిరుగుతున్నంతసేపూ ఆమెకు తిండి గుర్తురాదు. చేతులు పనిలో ఉంటాయి, కళ్లు పనిలో ఉంటాయి. మధ్యాహ్నం ఇద్దరూ బల్ల మీద కాగితం పరుచుకుని ఎదురెదురుగా కూర్చుని డబ్బాలు విప్పుకుంటారు. ఆమె ఈమధ్య నిలబడగలిగిందంటే ఆ బల్ల పుణ్యమే.

మాస్టరు వచ్చీ రాగానే మెషిన్ కింది పళ్లెం బయటికి లాగాడు.

"ఇత్తడి రజను. తాజాది. నిన్న మధ్యాహ్నం నేను బయటి పనికి వెళ్లానుగా. ఏం కోశావు?"

"గడియారాలాయన షట్టరుకి."

"ఆయన్ని అడగనా?"

"అడగండి. పక్క షాపేగా."

ఆయన నిజంగానే వెళ్లి అడిగాడు. గడియారాలాయన కంటికి బిగించిన అద్దం తీయకుండానే, "ఆవిడే చేసిచ్చింది మాస్టారూ, వెన్నలా తిరుగుతోంది," అని గట్టిగా మెచ్చుకున్నాడు. పిచ్చుక ఊపిరి పీల్చుకుంది.

మాస్టరు వెనక్కి వచ్చాడు. ముఖంలో ఏ మార్పూ లేదు.

"నిజమే చెప్పావు."

"మరి?"

"ఒకటి కోసినదానివి రెండోది కోయలేవా?"

కోయలేనని అనడానికి లేదు. కోయగలదు. ఆ పని నేర్పింది ఆయనే.

"నాకు కేకు పోయినందుకు బాధ లేదు," అన్నాడు గొంతు తగ్గించి. "తిన్నా బాధ లేదు. డాక్టరు చెప్పింది, జబ్బన్నావు, సరే అనుకున్నాను. కానీ ఈ పని వేరు. పరాయి తాళానికి దొంగచెవి కోయడమంటే... పాడైన చెవిని కూడా రెండు ముక్కలు చేయందే చెత్తలో వేయం మనం. ఎందుకు? నమ్మకం మీద నడిచే పని కాబట్టి. నీకు నేర్పింది అదేగా!"

"అది పరాయి తాళం కాదు. మన వంటింటి తాళం."

"అంటే కోశానంటావా?"

"అనలేదండీ! ఏమన్నా మీకు అలాగే వినిపిస్తోంది. కాదంటే అబద్ధం, ఊరుకుంటే ఒప్పుకున్నట్టు, నిజం చెబితే దొంగతనం. నన్నెలా మాట్లాడమంటారో మీరే చెప్పండి, అలాగే మాట్లాడతాను."

అప్పుడే ఒక టీచరమ్మ సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చింది. చెవి విరిగి సగం లోపలే ఉండిపోయిందట, గంటలో బస్సట. వస్తూనే పిచ్చుక వైపు తిరిగింది. "అమ్మా, మీరే చూడండి. మొన్న మా పక్కింటావిడది మీరే చిటికెలో తీశారట కదా."

పిచ్చుక చేయి అలవాటుగా సన్న పట్టకారు మీదికి వెళ్లింది.

"ఇలా ఇవ్వండి," అని మాస్టరు సూట్‌కేసు తన వైపు లాక్కున్నాడు. "ఆవిడ ఇక ఈ పని చేయదు."

టీచరమ్మ ఇద్దరి ముఖాలూ చూసి, తనేదో తప్పు గుమ్మం ఎక్కినట్టు పక్కకు జరిగి నిలబడింది.

పిచ్చుక ఆమె వెళ్లేదాకా ఆగింది. "ఆ మాట కోపంలో అన్నారా, నిజంగానే అన్నారా?"

"నిజంగానే. ఆ మూడో చెవి తెచ్చి నా చేతిలో పెట్టు. ఆ నిమిషమే మళ్లీ మెషిన్ ముందు కూర్చో. అప్పటిదాకా ఇంట్లో ఉండు. అమ్మ ఉంటుందిగా, కనిపెట్టుకుని."

"ఇంట్లో ఉంటే నేను పడిపోతానండీ."

"ఏం పడిపోతావు?"

"పొద్దస్తమానం ఆ అలమర ముందు కూర్చోబెట్టి తినొద్దంటే... మీకు అర్థం కావట్లేదు. ఈ బల్ల తీసేస్తే నాకింక పట్టుకోవడానికేమీ లేదు."

"అందుకే కొత్త తాళం తెస్తున్నాను," అన్నాడు మాస్టరు, ఎంతో ఓర్పుగా. "దానికి మన మెషిన్ మీద నకలు కోయడం కుదరదు. నీ మంచికే."

ఆమె లేచింది. లేని చెవిని ఎక్కణ్నుంచి తెచ్చివ్వాలి? దొంగచెవి ఒకటి నిజంగానే కోసి, ఇదిగో అని ఆయన చేతిలో పెట్టి, చేయని తప్పు ఒప్పుకుంటే బల్ల తిరిగొస్తుంది కదా అనిపించింది ఒక్క క్షణం. ఆ ఆలోచనకు తనకే అసహ్యం వేసింది. చెప్పులు వేసుకుని వీధిలోకి దిగింది. అన్నం డబ్బా బల్ల కింద ఉండిపోయిన సంగతి సగం దూరం పోయాక గాని గుర్తు రాలేదు.

* * *

బేకరీ వీధి తప్పించుకోవాలంటే చుట్టు తిరగాలి. ఆమె తిరగలేదు. అద్దాల ముందు నిలబడింది కూడా. ఆకలి ఒకవైపు, అవమానం ఇంకోవైపు. రెండూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. ఎలాగూ తిన్నానంటున్నారు, తినేస్తే సరి. కనీసం మాట నిజమవుతుంది.

లోపలి పనమ్మాయి "ఏం కావాలక్కా?" అని పలకరించింది.

"ఏమీ వద్దమ్మా," అని గబగబా కదిలింది. అది గెలుపు అనిపించలేదు. ఇంటికెళ్లి ఇంత పెట్టుకుని కూర్చుని తినాలి, అంతే అనుకుంటూ నడిచింది.

వీధి తలుపు లోపల గడియ వేసి ఉంది. పట్టపగలు గడియ ఎందుకు వేశారా అనుకుంటూ ఇంటి పక్క సందులోంచి వెనక్కి వెళ్లింది. వంటింటి తలుపు ఓరగా ఉంది. తోసింది.

అలమర ముందు నేల మీద అత్తగారు గొంతుక్కూచుని ఉంది. ఒళ్లో బిస్కెట్ల డబ్బా. ఇంకో చేతిలో రేపటి కోసం దాచిన జామ్ సీసా, మూత లేకుండా. నోరు నిండి, రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి.

ఆవిడ కోడలిని చూసింది. చూసి కూడా నమలడం ఆపలేదు. చేయి ఇంకో బిస్కెట్టు కోసం డబ్బాలోకి వెళ్లింది, ఆ చేయి ఆవిడది కానట్టు.

చూశాక కూడా ఆగని ఆ దవడలు పిచ్చుకకు బాగా తెలుసు. ఎవరైనా చూశారన్న భయంకంటే ఇంకా అవ్వలేదన్న ఆత్రం పెద్దదిగా ఉండే ఆ క్షణం ఆమెకు బాగా తెలుసు. ఈ ఇంట్లో అది తనకొక్కదానికే తెలుసనుకుంది ఇన్నాళ్లూ.

గ్లాసుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. "మింగండి. మెల్లగా."

అత్తగారు మింగింది. పొలమారింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దగ్గువల్ల వచ్చాయో ఎందువల్ల వచ్చాయో చెప్పడం కష్టం.

"గొళ్లెం ఊరికే పెట్టి ఉంది కదా," అంది, అదేదో పెద్ద సంజాయిషీ అయినట్టు. "వాడు తాళం పట్టుకుపోయాడు."

"కేకు కూడా మీరేనా?"

అత్తగారు జామ్ సీసా మూత కోసం నేల మీద తడుముకుంది.

"పొద్దున నన్ను అన్నన్ని మాటలన్నారు!" అంది పిచ్చుక. "సంకెళ్లు వేయమన్నారు. గొంతులోకి ఎలా దిగిందన్నారు. ఆయన నన్ను షాపులోంచి పంపేశారు అత్తయ్యా. పరాయివాళ్ల ముందు దొంగని చేశారు. అంతసేపూ మీరు ఆ చెవి మెడలో వేసుకుని నిలబడ్డారు!"

"నిన్నంటున్నంతసేపూ నన్నెవరూ చూడరు కదే."

ఆ మాట ఎంత మెల్లగా అందంటే, అన్నాక ఆవిడే తెల్లబోయింది.

పిచ్చుక పీట లాక్కుని కూలబడింది. ఇంతటి సూటి జవాబుకు ఏ కోపమూ సరిపోదు.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు ఈ ఇంటికి రాకముందు నుంచే. మీ మామగారికి ఆడది నమలడం వినిపిస్తే చిరాకు. నాకు ఆకలే వేయదని అందరికీ చెప్పేదాన్ని. అదేదో గొప్పలా ఉండేది. వీధి వీధంతా ఏమంటారు నన్ను? గాలి తిని బతికే మనిషని. ఒకసారి తిన్నానంటే మర్నాడంతా పస్తుంటాను. పస్తుంటే మళ్లీ..." ఆపేసింది. "నువ్వు లావెక్కావు, దొరికిపోయావు. నేను పుల్లలా ఉన్నాను. నన్నెవరనుకుంటారు?"

ఆవిడ ఉన్నట్టుండి డబ్బాను పిచ్చుక వైపు తోసింది. "నువ్వూ తిను. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టినట్టు లేవు. తినవే. ఇద్దరం తింటే... ఇద్దరం కదా."

డబ్బాలోంచి వెన్న వాసన తగిలింది. పిచ్చుక నోరూరింది. ఆవిడ ముఖంలో ప్రేమ కూడా ఉంది, కుట్ర కూడా ఉంది. తిందామనే అనిపించింది. ఎంతగా అనిపించిందంటే, ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వేళ్లు వేళ్లతో బిగించింది.

"నాకు ఆకలేస్తోంది అత్తయ్యా. చాలా ఆకలేస్తోంది. ఈ డబ్బా ఇప్పుడు పట్టుకుంటే ఆగను. ముందు అన్నం తింటాను."

లేచి, కంచంలో అన్నం పెట్టుకుంది, కూర వేసుకుంది. కిటికీ ముందు కూర్చుంది. అత్తగారు నేల మీంచి కదల్లేదు, అలా చూస్తూ ఉండిపోయింది. వింత ఏమీ జరగడం లేదు. ఒక మనిషి పగటి వెలుగులో కూర్చుని తింటోంది, అంతే.

"ఎలా ఆగగలుగుతున్నావే నువ్వు?" అంది అత్తగారు.

"ఆగట్లేదు. తింటున్నాను. వేళకి తింటుంటే ఆ భూతం కొంచెం దూరంగా నిలబడుతుంది, అంతే. పోదు. నిలబడుతుంది. ఎల్లుండి నాతో డాక్టరమ్మ దగ్గరికి రండి. ఇంట్లో వాళ్లను ఒకర్ని తీసుకురమ్మంది. ఆయన్ని అడిగాను, పనుందన్నారు. మీరు రండి."

"ఛీ! ఈ వయసులో తిండి యావ అని ఊరంతా చెప్పుకోవడానికా?"

"డాక్టరమ్మ ఎవరికీ చెప్పదు."

"నువ్వు?" అత్తగారు చప్పున లేచి వచ్చి కోడలి మోచేయి పట్టుకుంది. ఆ పట్టులో మనిషంతా ఉంది. "వాడికి చెబుతావా? నన్ను దేవతలా చూస్తాడే వాడు. వాడి ముందు దొరికితే నేను బతకను. నీకు దండం పెడతాను."

పిచ్చుక గబుక్కున ఆవిడ చేతులు పట్టి దించింది. చెప్పకపోతే బల్ల పోతుంది. బల్ల పోతే తను పోతుంది. చెబితే, తను ఇన్నాళ్లూ పడ్డదంతా ఈ ముసలి ప్రాణం మీద పడుతుంది, అదే భూతద్దం కింద. ఈ వంటింటికి రెండు తలుపులున్నాయి, ఒక్కదాంట్లోంచీ బయటపడే దారి మాత్రం లేదు.

"చెప్పను," అంది చివరికి. "కానీ అడిగితే అబద్ధమాడను. మీరే చెప్పుకుంటారా లేదా అన్నది మీ ఇష్టం."

* * *

పొద్దు వాలుతుండగా మాస్టరు వచ్చాడు. చేతిలో కొత్త తాళం, చంకలో ఆమె మర్చిపోయిన అన్నం డబ్బా.

"తినలేదు నువ్వు," అన్నాడు డబ్బా గట్టు మీద పెడుతూ. ఆ మాటలో జాలి ఉంది. ఆయన మీద పూర్తిగా కోపం తెచ్చుకోనివ్వకుండా ఎప్పుడూ ఇదొకటి.

"ఇంటికొచ్చి తిన్నాను."

"ఏం తిన్నావు?" అని అడిగి, తనే నాలిక కరుచుకున్నాడు.

ఆయన పాత గొళ్లెం విప్పి కొత్తది బిగించడం మొదలుపెట్టాడు. స్క్రూలు ఒక్కొక్కటే కర్రలోకి దిగుతున్నాయి. జామ్ సీసా, బిస్కెట్ల డబ్బా సర్ది లోపల పెట్టి ఉన్నాయి. ఆయన వాటిని లెక్క చూడలేదు. చూస్తే బాగుండుననిపించింది పిచ్చుకకు. చూడకపోతే బాగుండుననీ అనిపించింది.

అత్తగారు గుమ్మంలో నిలబడింది, తేలు కుట్టిన దొంగలా. పొద్దుటి నోరంతా ఏమైందో, ఒక్క మాట లేదు.

"చివరిసారి అడుగుతున్నా పిచ్చుకా. ఆ మూడో చెవి ఏది? ఇచ్చేయ్. రేపు పొద్దున నాతో షాపుకి రా. మళ్లీ ఎత్తను ఆ సంగతి, ఒట్టు."

ఒక్క మాట. మూడో చెవి లేదండీ, రెండోదాన్ని అడగండి. అంతే అంటే చాలు. మెషిన్, బల్ల, కాగితం మీద డబ్బాలు, అన్నీ తిరిగొస్తాయి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అత్తగారు కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"లేని చెవిని ఎలా ఇవ్వనండీ?"

"అంతేనంటావు."

"అంతే. ఇంకో మాట వినండి. ఈ తాళం పెట్టకండి. నాకిది సాయం కాదు. తాళం పడ్డాక అదే గుర్తొస్తోంది, లేచినా కూర్చున్నా. మీరు ప్రేమతో చేశారని ఇన్నాళ్లూ చెప్పలేకపోయాను. ఇది మనల్నెవర్నీ ఆపదు."

"మనల్ని?" అన్నాడు మాస్టరు.

పిచ్చుక పెదవి కొరుక్కుంది. ఆయన ఆ మాటను పట్టించుకుంటాడేమో అనుకుంది. పట్టించుకోలేదు. ఆఖరి స్క్రూ బిగించి, తాళం వేసి, లాగి చూశాడు. చక్కగా పట్టింది. పని బాగా కుదిరినప్పుడు వచ్చే సంతోషం ముఖంలోకి వచ్చింది.

"దీనికి చెవి ఒక్కటే. నకలు పుట్టదు. నా దగ్గరుంటే బజార్లో పడి తిరిగేవాణ్ని, పారేసుకుంటాను." తల్లి దగ్గరికి నడిచాడు. "అమ్మా, నువ్వే ఉంచు. ఈ ఇంట్లో నిన్ను తప్ప ఎవర్నీ నమ్మలేను."

తాళంచెవి ఆవిడ ముందుకు చాపాడు. అత్తగారు దాన్ని చూసింది. తర్వాత కోడలి వైపు చూసింది. ఆ చూపులో ఎప్పుడూ ఉండే ఎత్తిపొడుపు లేదు. నీళ్లలో మునుగుతున్న మనిషి గట్టు మీదివాళ్లను చూసినట్టు చూసింది.

పిచ్చుక ఆవిడ బదులు మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండడానికి తన సత్తువంతా కావలసి వచ్చింది.

"తీసుకోమ్మా."

"వద్దురా."

"ఏం, ఎందుకొద్దు?"

"నా దగ్గర వద్దు." అత్తగారు ఒక అడుగు వెనక్కి వేసింది. "నా దగ్గరుంటే తీస్తాను."

మాస్టరు పకపకా నవ్వాడు. "తీయడానికే కదమ్మా ఇచ్చేది!"

ఇద్దరు ఆడవాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. ఆయన నవ్వు కొంతదూరం ఒంటరిగా వెళ్లి ఆగిపోయింది. చాపిన చేయి చాపినట్టే ఉంది. తల్లి ముఖంలోంచి భార్య ముఖంలోకి, మళ్లీ తల్లి ముఖంలోకి చూశాడు.

"ఏం తీస్తావమ్మా?" అన్నాడు.

అత్తగారు నోటి మీంచి కొంగు తీసింది.